నాలుగో గడి

నంద్యాల,
9-11-1980, ఆదివారం.

హమీదాబీ అక్కకు జిలాని సలాం. బావకు, పిల్లలకు కూడా.

హైదరాబాదులో మా బ్యాంకువాళ్ళ శిక్షణ మూడు వారాలూ ముగించుకొని గురువారం వచ్చాను. వచ్చినప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. గదిలో కూర్చుంటే బయటికి పోదామనిపిస్తుంది, బయటికి పోతే వచ్చి నీకు ఉత్తరం రాద్దామనిపిస్తుంది. ఇదిగో, రాస్తున్నాను.

అక్కడ ఒక ప్రొఫెసరు పటం ఒకటి గీసి చూపించాడు. పెద్ద కంపెనీలు పది రకాల వ్యాపారాలు చేస్తాయి గదా, దేంట్లో పెట్టుబడి పెంచాలి, దేంట్లో తగ్గించాలి, మనుషుల్ని ఎక్కడి నుంచి తీసి ఎక్కడ పెట్టాలి అని ఆ పటం చూసి తేల్చుకుంటాయట. ఆయన చెప్తున్నంతసేపూ నా కళ్ళ ముందు మన ఆళ్లగడ్డ అంగడే ఉంది. మనకూ నాలుగు వ్యాపారాలున్నాయి. షామియానాల అద్దె, సైకిళ్ళ అద్దె, గోలీ సోడాలు, బావ పరుపుల పని. బండి మాత్రం ఒక్కటే, చేతిలో ఉండే పెట్టుబడి ఒక్కటే, బావ ఒక్కడే. నువ్వేమో ఆ పూటకు ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకు బండి ఇచ్చి పంపిస్తావు.

చూడు. చదరంగా గీసి నాలుగు గళ్ళు చెయ్యి. పై రెండు గళ్ళూ ఊళ్ళో గిరాకీ పెరిగే వ్యాపారాలకు, కింది రెండూ గిరాకీ పెరగని వాటికి. ఆ వ్యాపారంలో ఊరికంతా మనమే పెద్దవాళ్ళమైతే ఎడమవైపు, మనకంటే పెద్దవాడు ఇంకొకడుంటే కుడివైపు. ఇప్పుడు షామియానాలు ఎడమ పై గడిలో పడతాయి. అది ఒకటి, దాన్ని నక్షత్రం అంటారు. సైకిళ్ళు దాని కింద, రెండో గడి, పాడి ఆవు. గిరాకీ పెరగదు గానీ మనమే పెద్ద, మేత అడగకుండా పాలిస్తుంది. సోడాలు కుడి పై గడి, మూడు, ప్రశ్న గుర్తు. గిరాకీ ఉంది, కానీ మనకంటే పెద్ద మిషన్లు ఊళ్ళో రెండున్నాయి. ఇక నంద్యాలలో దూది మిషను మీద ఏకుతున్నారు, రబ్బరు పరుపులు కూడా వచ్చేశాయి. కాబట్టి బావ పని కుడి కింద, నాలుగో గడి. దాన్ని వాళ్ళు కుక్క అంటారు. దానికి మేత ఆపెయ్యాలని సూత్రం.

నా మాట విను. బావ ఏటా రెండు మూడు నెలలు బండి కట్టుకొని ఊళ్ళమ్మడి పరుపులు కుట్టడానికి పోవడం ఈ ఏడు మానెయ్యాలి. బండి షామియానాలకు ఇవ్వు. సైకిళ్ళ మీద వచ్చేది పెట్టి కొత్త షామియానాలు రెండు, ఇనుప కుర్చీలు కొను. బస్టాండు దగ్గర ఎవరో షామియానాల అంగడి పెడుతున్నారని నువ్వే రాశావు. ఈ మాఘమాసం పెళ్ళిళ్ళు వాడి చేతికి పోతే పై ఏటికి మన అంగడి ఉండదు. ఇది ఆట కాదు అక్కా.

నీ తమ్ముడు,
జిలాని.


ఆళ్లగడ్డ,
23-11-1980.

జిలానికి అక్క రాసేది.

పీర్లు ఏటికి పోయి నాలుగు రోజులైంది. ఇంట్లో అందరికీ ఒళ్ళు నొప్పులు. పండక్కి నువ్వు రాలేదని మలీద నీ వంతు కూడా మీ బావే తిన్నాడు.

నీ ఉత్తరం వచ్చేసరికి ఆయన అన్నం ముందు కూర్చున్నాడు. తమ్ముడు ఏం రాశాడో ఆయనా వింటాడులే అని నేను గట్టిగా చదివినాను. నాలుగో గడి కాడికి వచ్చేవరకు నాకేం తెలుసు? నా నోట్లో నుంచే వచ్చింది ఆ మాట.

“ఎవురు కుక్క?” అన్నాడు.

“అది పేరంట, పటంలో పేరు” అన్నాను.

“బాగానే సదువుకొన్నాడు నీ తమ్ముడు” అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం పళ్ళెంలోనే ఉండిపోయింది.

ఒరే, నీకు బుద్ధుందా? అమ్మా నాయనా పోతే ఏడేళ్ళవాడివి నువ్వు ఈ ఇంటికొచ్చినావు. ఆ దూదేకే విల్లు భుజాన వేసుకొని ఉయ్యాలవాడ దాకా నడిచి నడిచి నిన్ను నంద్యాల కాలేజీలో చదివించిన మనిషిని పట్టుకొని ఆ మాట రాస్తావా? నీ ప్రొఫెసరు దగ్గర ఉంటే చెవి మెలిపెట్టి ఉందును. పాడి ఆవంట, పాడి ఆవు! అద్దెకు తీసుకపోయినోళ్ళు సైకిలు బెల్లు ఊడబీక్కొని తెస్తున్నారు, వచ్చి చూడు ఆ పాడి.

అయితే ఒక మాట. ఉత్తరం పొయ్యిలో వెయ్యబోయి ఆగినాను. మీ బావకు దూది దుమ్ము పడి రెండేళ్ళుగా దగ్గు. మోకాళ్ళు పట్టేసి రోజూ పొద్దున గోడ పట్టుకొని లేస్తాడు. ఊళ్ళ మీదికి పోవద్దని నేను మొత్తుకుంటే వినడు. మాఘానికి ముందు ఆయన బండి కట్టినాడంటే మళ్ళీ ఉగాది దాకా నాకు నిలకడ ఉండదు, బస్సు చప్పుడైన ప్రతిసారీ గుమ్మంలోకి పోతాను. అందుకని అడుగుతున్నాను. నాలుగో గడిలో ఉన్న మనిషిని తీసుకొచ్చి ఒకటో గడిలో కూర్చోబెట్టొచ్చా? నీ పటం ఒప్పుకుంటుందా?

సరిగ్గా ఆలోచించి రాయి. బావకు వేరే కాగితం మీద క్షమాపణ రాయి.

హమీదాబీ.


నంద్యాల,
7-12-1980.

అక్కా,

బావకు వేరుగా రాశాను, ఆయన కాళ్ళకు మొక్కానని చెప్పు. ఆ పేర్లు దేశం కాని దేశంలో ఎవరో పెట్టుకున్నవి. ఇకమీదట పేర్లు వద్దు, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని అంకెలే వాడదాం. అంకెకు ఎవరికీ కోపం రాదు.

నువ్వు అడిగింది బంగారం లాంటి ప్రశ్న. మనిషిని ఒక గడి నుంచి ఇంకో గడికి మార్చమనే ఆ పటం చెప్పేది! కె.సి. కాలువ నీళ్ళు అన్ని చేలకూ ఒక్కసారే వదిలితే ఏ చేనూ తడవదు. ఎండిపోయే చేనికి మడవ కట్టేసి, పండే చేనికి వదలాలి. బావను షామియానాల దగ్గర కూర్చోబెట్టు. మనుషులు ఆయన మాట వింటారు. దగ్గూ తగ్గుతుంది.

ఇంకో సంగతి. మా మేనేజరు ఈ పటం గురించి పైఆఫీసుకు ఒక వ్యాసం రాసిమ్మన్నాడు. నేను మన అంగడినే ఉదాహరణగా రాస్తున్నాను, పేర్లు లేకుండా. బాగుందంటే ఆఫీసరు పోస్టుకు నా పేరు పంపిస్తానన్నాడు. అందుకే మాఘం లెక్క నాకు తప్పకుండా కావాలి. ఎన్ని పెళ్ళిళ్ళు వచ్చాయో రాస్తే చాలు.

ఆలస్యం చెయ్యొద్దు. సంక్రాంతి దాటితే అందరూ బేరాలు మాట్లాడేసుకుంటారు.

జిలాని.


ఆళ్లగడ్డ,
18-1-1981.

జిలానీ,

నువ్వు చెప్పినట్లే చేసినాను. షామియానాలు రెండు వచ్చినాయి, ఎర్రవి, అంచుకు జాలరు కూడా ఉంది. కుర్చీలు యాభై. బండి మీద పేరు రాయించినాను. ఎద్దుకు కొత్త గంటలు కట్టినాం.

మీ బావ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. విల్లు గోడకు తగిలించి, అంగట్లో వచ్చి కూర్చున్నాడు. నాకు సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆ మనిషి కూర్చున్నట్లు లేడు. షామియానాలతో అద్దెకిచ్చే వంటపాత్రలు లెక్క పెడతాడు, మళ్ళీ లెక్క పెడతాడు. లేచి బస్టాండు దాకా పోయి ఉత్త చేతులతో వస్తాడు. ఎక్కడికి పోయినావంటే “యాడికీ ల్యా” అంటాడు. పోయిన వారం మాత్రం తెల్లచొక్కా వేసుకొని నంద్యాల పోయి సాయంత్రానికి వచ్చినాడు. నీ దగ్గరికేమో అనుకున్నాను. నీకు కనపడలేదా?

ఉయ్యాలవాడ నుంచి ఇద్దరు, ఇంకా ఏవో ఊళ్ళ నుంచి ముగ్గురు వచ్చి “మాబుసా అన్న ఎప్పుడొస్తాడు?” అని అడిగినారు. ఈ ఏడు రాడు, పరుపులు నంద్యాలలో కొనుక్కోండి అని చెప్పి పంపించినాను. మీ బావ కుర్చీలు తుడుస్తూ విన్నాడు.

దగ్గు కొంచెం తగ్గింది.

హమీదాబీ.


నంద్యాల,
15-2-1981.

అక్కా,

నీ దగ్గర నుంచి నెలగా ఉత్తరం లేదు. బేరాల్లో తలమునకలుగా ఉన్నావని అర్థమైంది, నాకు ఆనందంగా ఉంది! బావ నా దగ్గరికి రాలేదు. ఏదో సామాను కోసం వచ్చి ఉంటాడులే.

నా వ్యాసం పైఆఫీసుకు పోయింది. వాళ్ళు మెచ్చుకుంటూ జాబు రాశారు. అంతటితో ఆగలేదు. చుట్టుపక్కల నుంచి వచ్చే చిన్న అప్పుల దరఖాస్తులన్నిటికీ మా మేనేజరు ఇప్పుడు నా చేతనే గళ్ళు వేయిస్తున్నాడు. ఒకటీ రెండూ అయితే అప్పు మంజూరు, మూడైతే విచారణ, నాలుగైతే వెనక్కి. పేరూ ఊరూ చదివే పని లేదు. ఏం పని చేస్తాడో ఆ వరస చూసి ఎర్ర పెన్సిలుతో మూలన అంకె వెయ్యడమే. ముందు నెల పట్టే పని, ఒక్క మధ్యాహ్నం అరవై ముగించాను.

మాఘం లెక్క రాయడం మరిచిపోకు. పోయినేడు పందొమ్మిది పెళ్ళిళ్ళన్నావు. ఈసారి ముప్పై దాటి ఉంటాయి, అవునా?

జిలాని.


ఆళ్లగడ్డ,
22-3-1981.

జిలానీ,

నాలుగు. ముప్పై కాదు, నాలుగు. నీ వ్యాసంలో రాసుకో.

కొత్త షామియానాలు మడతలు విప్పకుండా అటకెక్కినాయి. రోజూ ఎదురు చూడడం, రోజూ ఎవరూ రాకపోవడం. ఎందుకో నాకు అర్థం కాక పిచ్చి లేచింది. మొన్న ఉయ్యాలవాడ శివమ్మ సైకిలు అద్దెకు కావాలని మనవణ్ణి తీసుకొని వచ్చింది. మీ కూతురు పెండ్లయిందంట, మా అంగడి గుర్తు రాలేదా అని అడిగేసినాను. ఆమె నవ్వింది.

“మాకెట్లా యాదికొస్తాది హమీదమ్మా? మాబన్న పరుపు కుడ్తా కుడ్తా, పెండ్లెప్పుడు, ఎంతమంది వస్తాండారు, అన్నీ అడుగుతాండె. షామియానా నేనంపిస్తాలే అంటాండె. ఈసారి ఆయప్ప రాల్యా. బస్టాండు అంగడోడు స్కూటరు మీద వచ్చె, అడ్వాన్సు తీసుకపాయె.”

మన ఊళ్ళలో సంబంధం కుదిరితే మొట్టమొదట చేయించేది పెళ్ళికూతురి పరుపు గదరా. కార్డులు అచ్చు కాకముందే మీ బావ ఆ ఇంటి వసారాలో రెండు రోజులు కూర్చొని దూది ఏకుతాడు. ఇంట్లో మాటలన్నీ ఆయన చెవిన పడతాయి. పోయినేటి పందొమ్మిది పెళ్ళిళ్ళూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పదిహేను ఆయన పరుపు కుట్టిన ఇళ్ళే. నువ్వు నాలుగు గళ్ళ మధ్య గీతలు గీసినావు, నేను వాటిని గోడలనుకున్నాను. ఆయన ఏటా నాలుగో గడి నుంచి ఒకటో గడికి నడుస్తూనే ఉన్నాడు. మనిద్దరం కలిసి ఆ దారి మూసేసినాం.

ఇది కాదు అసలు సంగతి. మీ బావ ఇల్లు విడిచి పోయినాడు. మంగళవారం పొద్దున మొదటి బస్సుకు పోయినాడంట, మన సోడాలు చూసుకునే అక్తర్ బేగం చూసింది. గోడ మీద విల్లు లేదు. అయిదు రోజులైంది. ఆ ముందు రోజు నేనొక మాట అన్నాను. బేరాలు లేక కడుపు మండి, “కూర్చొని తినేదానికి ఇంత సామాను కొనుక్కున్నాం” అన్నాను. ఆయన్నే కూర్చోబెట్టింది నేను, ఆయన్నే అన్నాను. నా నోరు పడిపోను.

సెలవు పెట్టు. నంద్యాల చుట్టుపక్కల అన్ని ఊళ్ళూ వెతుకు.

అక్క.


నంద్యాల,
29-3-1981.

అక్కా,

బావ కనిపించాడు. బాగున్నాడు. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది చదువు.

నంద్యాల దగ్గరి బండి ఆత్మకూరులో బయ్యన్న అనే రైతు వసారాలో ఉన్నాడు. నేను పోయేసరికి చుట్టూ దూది, మధ్యలో ఆయన, తలా మీసాలూ తెల్లగా. నన్ను చూసి విల్లు ఆపలేదు.

“ఏందప్పా, బ్యాంకుకు సెలవా?”

“అక్క ఏడుస్తాంది బావా. మాటన్నానని అలిగి పోయినాడంటాంది.”

“అలిగేదానికి నేనేమన్నా కొత్త పెండ్లికొడుకునా?” అని అప్పుడు విల్లు పక్కన పెట్టాడు. సంచిలో నుంచి మడిచిన కాగితం ఒకటి తీశాడు. “దీన్ని మీ అక్కకు కనపడకుండా ఇంట్లో యాడ పెట్టాల్నో తెలీల్యా. అందుకే నేనే వచ్చేసినా.”

అది మా బ్యాంకు దరఖాస్తు. దూది ఏకే మిషనుకు అప్పు కావాలని జనవరిలో పెట్టుకున్నాడు. తెల్లచొక్కా వేసుకొని వచ్చింది అందుకే. ఇంటి పట్టున ఉండమని నువ్వు అడిగావు గదా, మిషను ఉంటే అంగట్లోనే కూర్చొని పని చేసుకోవచ్చు, నీ మాటా నెగ్గుతుంది, విల్లూ పూర్తిగా దించక్కర్లేదు అనుకున్నాడు. నేను సాయం చేశానని ఎవరూ అనకూడదని నాకు చెప్పలేదు. మార్చిలో అది వెనక్కి వచ్చింది. మూలన ఎర్ర పెన్సిలుతో నాలుగు.

ఎవరు వేశారో నాకు తెలియదని అబద్ధం చెప్దామనుకున్నాను అక్కా. నోరు తెరిచాను కూడా.

“నీ నాలుగు నాకు తెలీదా?” అన్నాడు. “పలక మీద కూడా కొస అట్లే తిప్పుతాంటివి. పంతులు కొట్టినా మానల్యా.”

నేను ఆ దూదిలోనే కూలబడి ఏడ్చాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి, “మీ అక్కకు చెప్పొద్దు. అది నిన్ను గడప తొక్కనీదు. నీకు ఇంకెవురుండారు?” అన్నాడు. ఆ కాగితం నీ కంట పడితే మనిద్దరికీ మాటలుండవని, పది రోజులుగా ఊళ్ళు పట్టుకొని తిరుగుతున్నాడు ఆ మనిషి.

చెప్పొద్దన్నా చెప్తున్నాను. బ్యాంకుకు వచ్చి ఆ రోజు కట్ట తీయించి చూశాను. దూది ఏకేవాళ్ళవి ఏడు దరఖాస్తులు, ఏడింటికీ నాలుగు వేశాను. ఒక్క పేరూ చదవలేదు. చదివి ఉంటే మొదటి పేరే ఆయనది.

ఏం రాయాలో తెలియడం లేదు. నీ ఇష్టం వచ్చినట్లు తిట్టు.

జిలాని.


ఆళ్లగడ్డ,
4-4-1981.

జిలానీ,

రెండు రోజులు నీ ఉత్తరం రవికలో పెట్టుకొని తిరిగినాను. తిట్లన్నీ పోగు చేసుకున్నాను, ఉయ్యాలవాడ దాకా పరవొచ్చు. కాగితం ముందు కూర్చుంటే ఒక్కటీ రాలేదు. పటం గీసింది నువ్వయితే ఆయన్ను కుర్చీలో కూలేసింది నేను.

బుధవారం బస్సెక్కి బండి ఆత్మకూరు పోయినాను. “అంగడి ఎవురు చూస్తాండారు?” అన్నాడు నన్ను చూడగానే. అంగడి గాలికి పోనీ అన్నాను. పక్కన కూర్చొని దిండ్లకు దూది కూరి సాయంత్రం దాకా కుట్టినాను. నీ పేరు నేనెత్తలేదు, ఆయనెత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం “వాణ్ణి ఏమీ అనొద్దు” అన్నాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలుసు.

కొత్త షామియానాలు రెండూ, కుర్చీలూ బస్టాండు అంగడివానికే అమ్మేస్తున్నాను. వాడు నవ్వుతున్నాడు, నవ్వనీ. ఆ దుడ్లతో పాత మిషను ఒకటి చూసినాం. రెండు నెలలు మిషను మీద, నెల మాత్రం బండి మీద ఊళ్ళకు. బండిలో ముందర నేను కూర్చుంటాను. దగ్గొస్తే నీళ్ళిచ్చేదానికి మనిషి ఉండాలి గదా.

నువ్వు గడప తొక్కొచ్చు. కానీ ఊరికే కాదు. మాకు అమ్ముకునేదానికి షామియానాలున్నాయి. ఆ తక్కిన ఆరుగురికి ఏమున్నాయి? వాళ్ళ ఇళ్ళకు పో. వాళ్ళు చేసే పని పేరు నాకొద్దు, వాళ్ళ పేర్లు రాసి పంపించు. అప్పుడు రా.

హమీదాబీ.


నంద్యాల,
12-4-1981.

అక్కా,

దస్తగిరి, ఇమాంసా, పెద్ద మౌలాలి, హుసేనప్ప, ఖాసింసా, కరీముల్లా.

నా పటం ఈ పనులకు తప్పు, ఏడు దరఖాస్తులూ మళ్ళీ చూడాలని మేనేజరుకు రాసిచ్చాను. “ఆఫీసరు పోస్టుకు నీ పేరు పంపించాక ఈ కాగితం ఇస్తావా?” అన్నాడు. పేరు వెనక్కి తీసుకున్నాడు, కాగితం మాత్రం తీసుకున్నాడు. నాలుగు దరఖాస్తులకు మళ్ళీ విచారణ రాశాడు. బావది అందులో లేదు, మిషను కొంటున్నారు గదా అని.

అయిదుగురిని కలిశాను. దస్తగిరి టీ ఇచ్చాడు. హుసేనప్ప తలుపు తెరిచి, నేనెవరో విని, మళ్ళీ వేసుకున్నాడు. ఇమాంసాకు నేను చెప్పింది అర్థం కాలేదు, మూడుసార్లు చెప్పాను, చివరికి “అయితే ఇప్పుడు అప్పు ఇస్తారా?” అని అడిగాడు. తెలియదన్నాను.

కరీముల్లా ఇంటికి తాళం. పక్కింటి మారెమ్మ బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

“బ్యాంకు కాగితం వచ్చిన వారానికే విల్లు అమ్మేసుకొని పాయె. పెండ్లాం, బిడ్డలు అంతా. సున్నిపెంటలో శ్రీశైలం డ్యాము పనికంట. మీరెవురు?”



ఈ ఉత్తరం బస్టాండులో నిలబడి రాస్తున్నాను. మూడు రోజులు సెలవు పెట్టాను. సున్నిపెంటలో కూలీల గుడిసెలు వందల్లో ఉంటాయట, ఎక్కడ వెతకాలో తెలియదు, కనిపిస్తే మొదటి మాట ఏం మాట్లాడాలో అంతకంటే తెలియదు. శ్రీశైలం బస్సు వచ్చింది, పోతున్నాను.

జిలాని.